స్టీలు డబ్బాలో సగ్గుబియ్యం

నేను చెప్పింది చెప్పినట్టే రాయి ప్రతిమా. నీ ఆఫీసుకు సంజాయిషీ నా మాటల్లోనే వెళ్ళాలి.

సముద్రపొడ్డున ఏరిన ప్లాస్టిక్ పూసలకు ఏ విషం అంటిందో పరీక్ష చెయ్యడం నీ ఉద్యోగం. ప్లాస్టిక్ డబ్బాలో పోస్తే పరీక్ష చెడుతుందని నా స్టీలు డబ్బాలో పోసి, వంటింట్లో పెట్టావు. అది నీ తప్పు. తెల్లగా, గుండ్రంగా ఉంటే ఏ అత్తగారైనా సగ్గుబియ్యమే అనుకుంటుంది.

పాపకు పాయసం చేద్దామని పొయ్యి మీద పెట్టాను. ఎంత ఉడికినా మెత్తబడవు, పైకి తేలుతూనే ఉన్నాయి. ఈ దోహా సరుకే ఇంత అని తిట్టుకున్నాను.

అంతలో నువ్వొచ్చి, గిన్నె చూసి కెవ్వుమన్నావు. "పాప తిందా అత్తయ్యా? ఒక్క గింజైనా తిందా?"

"లేదే, ఇంకా పెట్టలేదు" అన్నాను.

నువ్వు పాపను పొదువుకుని నేల మీద కూలబడ్డావు. "ఎవరూ తినలేదండీ, గండం గడిచింది" అని మావాడికి ఫోను చేశావు.

నన్ను మాత్రం అడగలేదు. ముందు నేను తిని చూడకుండా పాపకు ఏనాడైనా ఏదైనా పెట్టానా?

గొంతులో ఇంకా ఏదో అడ్డుపడినట్టే ఉంది. భయమేస్తోందే. అదీ రాయి.

రాయవేం?