తల వంచి వచ్చిన మనిషి

దర్జీ కత్తెర ఆపి వీధిలోకి చూశాడు.

చంకలో గొడుగుతో ఓ పెద్దమనిషి దర్జీ ఇంటి గోడను అరచేత్తో తడుముతున్నాడు.

"అత్తయ్యా, వచ్చాడు!" అన్నాడు దర్జీ, లోపలున్న అత్తగారికి మాత్రమే వినబడేలా.

పోయినేడు పక్క వీధికీ ఇలాగే ఒకడొచ్చాడు. నవ్వుతూ పలకరించి, "ఎప్పటి ఇల్లండీ?" అని అడిగాడు. వాళ్లు పొంగిపోయి, "మా ముత్తాతల నాటిది" అన్నారు. నెల తిరక్కుండా తలుపులకు కాగితాలు అంటించారు. శిథిల భవనం, ఖాళీ చేయండి అని. ఇప్పుడక్కడ అద్దాల మేడ ఉంది.

అప్పటినుంచీ దర్జీ ఇంటింటికీ తిరిగి, చెవిలో ఇల్లు కట్టుకుని చెప్పాడు. "ఎవడడిగినా అంతా కొత్తదే అనండి. పాత అన్న మాట నోట రాకూడదు."

అతనికి ఉన్నదల్లా ఆ ఇల్లూ, ముందుగదిలో కుట్టుమిషనూ. అవి పోతే రోడ్డే గతి.

"లోపలికి రావచ్చా?" అన్నాడు పెద్దమనిషి.

"రండి, రండి."

ఆ గుమ్మం మరీ పొట్టిది. కొత్తవాళ్లెవరొచ్చినా నుదురు కొట్టుకోవలసిందే. ఈ దర్జీ ముందు బొప్పి కట్టించి, తర్వాతే చొక్కా కుడతాడని వీధిలో వేళాకోళం.

పెద్దమనిషి మాత్రం పైకి చూడకుండానే తల వంచి లోపలికి వచ్చేశాడు.

దర్జీకి అనుమానం గట్టిపడింది. ఎవరూ లేనప్పుడు దూరి చూసిపోయాడన్నమాట!

"పాత వీధుల్ని కాపాడే కమిటీ నుంచి వచ్చానండీ."

"అలాగా," అన్నాడు దర్జీ. పక్క వీధికొచ్చినవాడూ ఏదో కమిటీ అనే చెప్పాడు.

"ఈ ద్వారబంధం పాతదేనా?"

"అబ్బే, మొన్నమొన్ననే వేయించాం."

"పైన దూలాలు?"

"వాటి వార్నిషు వాసన ఇంకా పోలేదే!" అంది అత్తగారు. మిషను నూనె వాసన తప్ప ఆ గదిలో మరే వాసనా లేదు.

"ఈ గచ్చు?"

"చూసి నడవండి నాయనా, జారుతుంది. అంత కొత్తది."

దర్జీ ఆమెను మెచ్చుకోలుగా చూశాడు.

పెద్దమనిషి ముఖం వాడిపోయింది. "బాబూ, ఇంకొక్కసారి ఆలోచించి చెప్పండి. ఇంట్లో ఉన్నవాళ్ల మాటే మాకు ప్రమాణం. పాతదన్న మాట మీ నోట రావాలి."

అదిగో, బయటపడ్డాడు అనుకున్నాడు దర్జీ. "ఆలోచించడానికేముందండీ? ఈ ఇంట్లో పాతదంటూ ఉంటే మా అత్తయ్యగారొక్కరే."

అత్తగారు కూడా నవ్వింది.

పెద్దమనిషి నవ్వలేదు. ద్వారబంధాన్ని ఓసారి నిమిరి, చూడకుండానే తల వంచి వీధిలోకి దిగాడు.

ఆ రోజంతా దర్జీ మీసం కిందికి దిగలేదు. "నా దగ్గరా వాడి ఆటలు!" అని వీధంతా చాటుకున్నాడు.

వానలు మొదలయ్యేసరికి వార్డు మెంబరు ఆయాసపడుతూ వచ్చాడు.

"కొంప ముంచావు కదయ్యా! మనది చారిత్రక వీధని రాసి ఉంటే ఏ బిల్డరూ ఇటుక కదిలించలేకపోయేవాడు. ప్రతి ఇంట్లోనూ అంతా కొత్తదే అన్నారని కమిటీ కొట్టేసింది. ఇక కూల్చడమే!"

దర్జీ మిషను ఆపేశాడు. "మరి... ఆ గొడుగు పెద్దాయన?"

"మన తరఫున గొంతు చించుకున్నది ఆయనొక్కడే. ఆయన మాట చెల్లదన్నారు."

"ఎందుకు చెల్లదు? కళ్లారా చూశాడుగా!"

"సొంత మమకారంతో చెబుతున్నాడన్నారయ్యా. అందుకే నీ నోటితో చెప్పించుకుందామని వచ్చాడు," అన్నాడు మెంబరు. "నువ్వు మిషను పెట్టుకున్న ఈ గదిలోనేనట, ఆయన పుట్టింది."