మేస్త్రీ వేలిముద్ర

"ఈ గోడ చూడండి మేడమ్. ఎలా బీటలిచ్చిందో," అన్నాడు ఆ ఇంటి ముసలాయన కొడుకు.

పన్నుల ఆఫీసరమ్మ పెన్ను మొనతో గీరి చూసింది. "ఇది పైపూత పగులు. గోడకేం కాలేదు. ఇంకేమైనా ఉందా?"

ఇంటి విలువ ఎక్కువ కట్టి పన్ను పెంచేశారని అతను అప్పీలు పెట్టుకున్నాడు. అప్పీలు నెగ్గాలంటే సొంత ఇంటిని తానే తిట్టాలి. తిడదామంటే ఏమీ దొరకడం లేదు. కిటికీలు బిగుసుకుపోయాయన్నాడు. ఆవిడ ఒక్క వేలితో తోస్తే తెరుచుకున్నాయి. నేల వాలిపోయిందన్నాడు. ఆవిడ సంచిలోంచి గాజుగోళీ తీసి నేల మీద పెట్టింది. అది పెట్టినచోటే కూర్చుంది.

"అదృష్టవంతులండీ మీరు. ఈ వీధిలో ఇంత గట్టి ఇల్లు ఇంకోటి లేదు. అప్పీలు కొట్టేయక తప్పదు," అంది ఆఫీసరమ్మ.

కోడలు గుమ్మం పట్టుకుని అలాగే నిలబడిపోయింది. పన్ను తగ్గకపోతే ఇల్లు అమ్మేద్దామని నిన్ననే మొగుడూ పెళ్ళాం అనుకున్నారు. కొనేవాడు కూడా సిద్ధంగా ఉన్నాడు. గుసగుసగానే అనుకున్నారు కానీ, గోడ అవతల ముసలాయన చెవిన పడనే పడింది.

ముసలాయన తాపీమేస్త్రీ. ఊరందరికీ ఇళ్ళు కట్టి, తనకని కట్టుకున్నది ఇదొక్కటే. మంచం మీద కూర్చుని అంతా చూస్తూ వింటున్నాడు. గోళీ కదలకపోవడం చూసి ఆయన మొహం వెలిగింది. కొడుకు మొహం చూడగానే ఆ వెలుగు కాస్తా ఆరిపోయింది. మెల్లగా లేచి వచ్చాడు.

"పైపైన చూస్తే ఏం తెలుస్తుందమ్మా? ఈ ఇంటికి పునాదే లేదు."

కొడుకు చటుక్కున తండ్రి వైపు తిరిగాడు.

"లేదంటే?" అంది ఆఫీసరమ్మ.

"గుంత పూడ్చిన నేల ఇది. గట్టినేల తగిలేదాకా తవ్వాలి. తవ్వలేదు. ఇనుము వెయ్యాల్సినదాంట్లో సగం వేశాడు. సిమెంటు తక్కువ, ఇసుక ఎక్కువ. పూత మాత్రం నున్నగా పెట్టి అంతా కప్పేశాడు. పైన పటారం, లోన లొటారం."

"ఎవరండీ ఆ మేస్త్రీ?"

"తాగుబోతు వెధవమ్మా. ఒట్టి పనిదొంగ," అన్నాడు, జన్మలో టీ తప్ప మరొకటి తాగని మనిషి.

"మీకెలా తెలుసు?"

ముసలాయన గుమ్మం పక్కన గొంతుక్కూర్చున్నాడు. గోడ అడుగున పూతలో చిన్న గుంట ఉంది. ఏ ఇల్లయినా పూర్తయ్యాక, ఆఖరి పూత పచ్చిగా ఉండగానే బొటనవేలు నొక్కి వదలడం ఆయన అలవాటు. తనకు నచ్చిన పనికే నొక్కేవాడు. నచ్చకపోతే ఎవరెంత బతిమాలినా నొక్కేవాడు కాదు. ఇప్పుడు ఆ గుంటలో వేలు పెట్టాడు. అతికినట్టు సరిపోయింది.

"నేనేనమ్మా."

ఆఫీసరమ్మ సంచిలోంచి కాగితం తీసింది. "పెద్దాయనా, ఇదంతా రాసిస్తారా?" అంది.

"నాకు రాయడం రాదు. మీరు రాయండి, నేను ముద్ర వేస్తాను."

గోడకు పెట్టిన వేలే కాగితానికీ పెట్టాడు.

అప్పీలు నెగ్గింది. ఆవిడ వెళ్ళగానే కొడుకు తండ్రి చేతులు పట్టుకుని ఏడ్చేశాడు. "నా కోసం నిన్ను నువ్వే ఎంతెంత మాటలనుకున్నావు నాన్నా."

"పోనీలేరా. పేరేమన్నా కూడు పెడుతుందా? ఇల్లు నిలబడింది, అది చాలు," అన్నాడు ముసలాయన. ఆ రోజు మాత్రం అన్నం సహించలేదాయనకి.

ఇల్లు నిలబడింది గానీ, నెల తిరక్కుండానే తలుపు మీద మున్సిపాలిటీ వాళ్ళ ఎర్ర కాగితం పడింది. పన్నుల గదిలో ఆగాల్సిన వాంగ్మూలం పక్కగదిలో ఇంజనీరు బల్ల మీదికి చేరింది. పునాది లేని కొంపలో మనుషుల్ని ఎలా ఉండనిస్తారు? ఖాళీ చెయ్యండి, కూల్చేస్తాం అన్నారు.

ముసలాయన పడుతూ లేస్తూ ఇంజనీరు దగ్గరికి వెళ్ళాడు. "పన్ను తగ్గుతుందని అబద్ధం చెప్పాను బాబూ. కావాలంటే తవ్వి చూడండి."

"అప్పుడు పన్ను కోసం అబద్ధమాడానంటున్నారు. ఇప్పుడు ఇంటి కోసం ఆడటం లేదని నాకేమిటి నమ్మకం?" అన్నాడు ఇంజనీరు. "కట్టినవాడే వేలిముద్ర వేసి చెప్పాక ఇంక తవ్వేదేముంది? రేపు కప్పు ఎవరి నెత్తిన పడినా నా మెడకే చుట్టుకుంటుంది."

కూల్చే యంత్రం వచ్చింది. గోడలు పడుతుంటే కోడలు మొహం తిప్పుకుంది. ముసలాయన తిప్పుకోలేదు. రోడ్డు పక్కన సామాను మూటల మధ్య కూర్చుని, ప్రతి దెబ్బకూ తన ఒంటి మీదే పడ్డట్టు ఉలిక్కిపడుతూ, చివరిదాకా చూశాడు. గుమ్మం దగ్గర ఊడిపడ్డ పూత పెళ్ళ ఒకటి ఆయన ఒళ్ళో ఉంది. అందులో వేలి గుంట చెక్కుచెదరలేదు.

పునాది దగ్గరికొచ్చేసరికి యంత్రం ఆగిపోయింది. మొరాయించింది. మళ్ళీ మొదలై, మళ్ళీ ఆగింది. దాన్ని నడిపే అతను దిగొచ్చి, చెమట తుడుచుకుంటూ ముసలాయన పక్కన చతికిలబడ్డాడు.

"యంత్రం పళ్ళు విరిగిపోతున్నాయి గానీ పెళ్ళ రావడం లేదు తాతా. ఎన్ని ఇళ్ళు కూల్చానో, ఇలాంటి పునాది మాత్రం చూడలేదు."

ముసలాయన ఒళ్ళో పెళ్ళని కండువాతో కప్పుకున్నాడు.

"ఇది కట్టిన మేస్త్రీ బతికుంటే కాస్త చెప్పు తాతా, మా ఇల్లు ఆయన చేతే కట్టించుకుంటాను."