సాల్మన్ రాయని పేరు

"మూడు చీటీలు రాసినవా, సాల్మన్?"

"రాసిన అయ్యగారు."

"ముగ్గురి పేర్లు?"

"ముగ్గురివి" అని గుడిలో నిలబడి నిక్షేపంగా అబద్ధమాడాడు సాల్మన్. వరంగల్ మిషన్ బడి పంతుళ్లలో అతని చేతిరాతే ముత్యాల్లా ఉంటుంది కాబట్టి సంఘంలో ఏది రాయాలన్నా అతనికే చెప్పేవారు.

అది 1958 జూన్. ఆదివారం ఆరాధన అయిపోయినా జనం కదల్లేదు. పాలంపేట అవతల అడవిలో ఉన్న గూడెం బడికి ఒక పంతులు కావాలి. ముందు వెళ్లినాయన చలిజ్వరంతో ఏడాది తిరక్కుండానే మట్టిలో కలిశాడు. ఇప్పుడు ఎవరు పోవాలి? ఉన్నది ముగ్గురు. సాల్మన్, దేవదానం, పాస్టర్ ఆశీర్వాదం అయ్యగారి ఒక్కగానొక్క కొడుకు సుందర్ రావు. ముగ్గురూ నేల చూపులు చూశారే గాని నేను పోతానని ఒక్కరూ నోరు తెరవలేదు. దాంతో అయ్యగారు చీట్లు వేద్దామన్నారు. దేవుడు ఎవర్ని పొమ్మంటే వాళ్లు పోవాలి.

సాల్మన్‌కి దేవుడి మీద అప్పటికే కోపం. ఇద్దరు బిడ్డలు పురిట్లోనే పోయారు. భార్య హన్నాకి ఇప్పుడు అయిదో నెల. "దీన్ని గూడ నీ చేతుల పెట్టాల్నా? నాతోని గాదు" అని పొద్దున్నే దేవుడితో తగవు పెట్టుకుని మరీ కలం పట్టాడు. ఒక చీటీ మీద సుందర్ రావు అని రాశాడు. రెండు చీటీల మీద దేవదానం అని రాశాడు. దేవదానానికి పెళ్లాం లేదు, పిల్లల్లేరు, పోతే ఏడ్చేవాళ్లు లేరు. ప్రాణం మీదికొస్తే పక్కవాడి ప్రాణం చవగ్గానే కనిపిస్తుంది మరి.

చదువు రాని చేయి చీటీ తీయాలి, పేరు చదవగానే చీటీలన్నీ కుంపట్లో వేసేయాలి. దేవుడు తీర్పు చెప్పాక కాగితాలు తిరగేసి కొట్లాడే ఘనులుంటారని ఆ సంఘం పెద్దలు పెట్టిన కట్టుబాటు అది. రత్నమ్మ ముసలమ్మ ఇత్తడి గిన్నెలో చేయి పెట్టి ఒక చీటీ తీసి అయ్యగారికిచ్చింది. ఆయన విప్పి చూసి, కళ్లు మూసుకున్నారు. జనం కూడా తలలు వంచి ప్రార్థనలో కలిశారు.

"సాల్మన్" అన్నారు అయ్యగారు.

సాల్మన్ చటుక్కున తల ఎత్తాడు. "నా పేరా?"

"నీ పేరే బిడ్డా."

అప్పటికే మూడు చీటీలూ కుంపట్లో మండుతున్నాయి.

ఇంటికి ఎట్లా నడిచాడో అతనికే తెలియదు. రాయలేదు కదా! పొరపాటున రాశానా? ఛ, తన చేయి తనకు తెలియదా! అయ్యగారు తప్పు చదివారనుకుందామన్నా మనసొప్పలేదు. ఒకప్పుడు కొడుక్కి పన్నెండేళ్లు నిండి రెండు రోజులైందని అడిగి మరీ రైల్లో పూర్తి టికెట్ కొన్న మనిషాయన.

"హన్నా, నా అంగీ జేబుల చీటీలు ముట్టినవా?"

"నాకు చదువొస్తదా ముట్టెటందుకు? ఏంది, దయ్యం వట్టినోని లెక్క గట్ల చూస్తానవ్?"

"నా పేరొచ్చింది."

హన్నా పొట్ట మీద చేయి వేసుకుని గోడకు చేరగిలబడింది. కొంగుతో కళ్లు తుడుచుకుంది. "దేవుడే పొమ్మన్నంక ఏం జేస్తం? పోదాం పా" అంది. నేను రాయలేదే అని చెప్పబోయి నోరు మూసుకున్నాడు సాల్మన్.

గూడెంలో మంత్రసాని పూలమ్మ చేతుల మీదుగా ఆడపిల్ల పుట్టింది, బతికింది. ఆ వానాకాలమే సుందర్ రావు వరంగల్‌లో, దవాఖానకు కూతవేటు దూరంలో ఉండి కూడా కలరాతో పోయాడని ఉత్తరమొచ్చింది. సాల్మన్‌కి ఏమీ అర్థం కాలేదు. అడవిలో ఉన్న తను బతికాడు, పట్నంలో ఉన్నవాడు పోయాడు. మూడుసార్లు జ్వరమొచ్చింది. రెండుసార్లు మూటాముల్లె సర్దుకున్నాడు. సర్దిన ప్రతిసారీ ఆ రాయని పేరు గుర్తొచ్చి ఒళ్లు జలదరించేది, మూట విప్పేవాడు. అయిదేళ్లలో బడికి నలభైమంది పిల్లలయ్యారు.

1963లో సంఘం పండుగకు, దేవుడు తనకు చేసిన మేలు గురించి అందరి ముందూ సాక్ష్యం చెప్పమని పిలిచారు. ముందురోజు మధ్యాహ్నం సాల్మన్ అయ్యగారి ఇంటికి పోయి, ఆయన కాళ్ల దగ్గర కూలబడ్డాడు.

"అయ్యగారు, ఒక పాపం ఒప్పుకోవాలె. ఆనాడు నా పేరు నేను రాయలే. దేవదానం పేరు రెండుమాట్ల రాసిన."

అయ్యగారి చేతిలో చాయ్ సాసర్‌లోకి ఒలికింది. "ఏమంటానవ్?"

"నా పేరు లేని గిన్నెలకెల్లి నా పేరొచ్చింది! గది దేవుడు రాసిన రాత గాకపోతె మరేంది? నేను తిరగవడ్డ, ఆయన ఇడువలే. మనిషి ఎంత మోసం జేసినా ఆయన అనుకున్నదే అయితది. నా నమ్మకమంత ఆ ఒక్క చీటీ మీదనే నిలవడ్డది అయ్యగారు. రేపు అందరి ముంగట గిదే చెప్త."

"చెప్పకు బిడ్డా."

"ఎందుకు? దేవదానం కోపం జేస్తడనా? ఆయన కాళ్లు మొక్కుత."

"దేవదానం గురించి గాదు." అయ్యగారు కప్పు కింద పెట్టారు. "నువ్వు రాయలేదని నాకు ఇప్పటిదాక తెల్వదు. గిన్నెల నీ పేరు ఉన్నదనే అనుకున్న."

"అంటే? మీరే గద చదివిండ్రు!"

అయ్యగారు రెండు చేతులతో ముఖం కప్పుకున్నారు.

"ఆ చీటీల నా కొడుకు పేరుండె."