సున్నుండల డబ్బా

అత్తగారు రాఘవమ్మకున్న జబ్బుకి ఏ డాక్టరూ మందు రాయలేడని నాగవేణి నమ్మకం. ఆ జబ్బు పేరు సున్నుండ.

"మళ్లీ పెట్టేశారా అత్తయ్యా?"

కూతురు ధనశ్రీ అప్పటికే నోటినిండా కుక్కుకుంది. రాఘవమ్మ చెయ్యి కొంగుకి తుడుచుకుంటూ, "పసిపిల్ల, తిననీవే" అంది.

పొద్దున ఒకటి, రాత్రి ఒకటి. పక్కింటి పిల్లలు అడిగితే కసిరి పంపేది. కన్నకొడుకు చెయ్యి పెట్టినా డబ్బా లాక్కునేది. నెలనెలా ఆటో ఎక్కి బెంజ్ సర్కిల్ దాకా వెళ్లి మోకాళ్ల నొప్పులకి మాత్రలు తెచ్చుకునేది. అవి వేసుకోగా ఎవరూ చూసింది లేదు.

ధనశ్రీకి పుట్టుకతోనే మెదడులో మచ్చ. దానివల్ల ఫిట్స్. డాక్టరు రాసిన మాత్రలతో పిల్ల మబ్బుగా ఉంటోందని, కూచిపూడి అడుగులు మర్చిపోతోందని, నిరుడు నాగవేణి వాటిని కాలవలో పారేసింది. అడ్డొచ్చిన అత్తగారితో, ఇందులో వేలుపెడితే పిల్లని తీసుకుని పుట్టింటికి పోతానంది. ఫోన్లో చూసి ఆకుపసరు మొదలుపెట్టింది. అప్పట్నుంచి ఒక్క ఫిట్ లేదు. ఆ పసరు మహిమ అపార్ట్‌మెంట్లో వినని గడప లేదు.

ఇప్పుడేమో పిల్ల ఒళ్లు చేసిందని డాన్స్ మాస్టారు అన్నారు. ఇంకేం, అత్తగారిని కంకిపాడులో ఆడపడుచు ఇంటికి సాగనంపింది. వెళ్తూ రాఘవమ్మ డబ్బా కోడలి చేతిలో పెట్టింది.

"రెండు పూటలా మర్చిపోకమ్మా. నీ కాళ్లు పట్టుకుంటా."

ఆటో మలుపు తిరగ్గానే నాగవేణి ఆ డబ్బా చెత్తబుట్టలో బోర్లించి, పిల్లకి కీరా ముక్కలు కోసిపెట్టింది.

వారం తిరక్కుండా, గజ్జెలు కట్టుకుంటూనే ధనశ్రీ పడిపోయింది. ఒక ఫిట్ తగ్గేలోపే ఇంకోటి. మాత్రలు ఉన్నట్టుండి ఆపేశారా అని ఐసీయూ డాక్టరు గద్దించాడు. ఆపి ఏడాదయిందని నాగవేణి చెబితే నమ్మలేదు. ప్రాణం నిలబడినా పిల్ల మళ్లీ అమ్మని గుర్తుపట్టడం కష్టమని చెప్పి లోపలికి వెళ్లిపోయాడు.

కబురందిన రాఘవమ్మ ఆస్పత్రి మూడంతస్తుల మెట్లూ పరుగున ఎక్కి వచ్చింది.

"మీ తీపే నా బిడ్డ ఒంట్లో విషమైంది" అని నాగవేణి ఆమె మీదపడింది.

రాఘవమ్మ కోడలి రెండు భుజాలూ పట్టుకుంది.

"డబ్బా ఏం చేశావే?"

"పారేశాను."

ముసలామె గోడవారగా కూలబడింది.

"తప్పు నాదేనమ్మా, అందులో ఫిట్స్ మాత్రలు పెడుతున్నానని నీకు చెప్పాల్సింది."