అల్లుడికి ఆకాశంలో పరీక్ష

"బెల్టు బిగించుకో బాబూ. పిల్లనడగడానికి వచ్చినవాళ్లతో పైనే మాట్లాడతాను. అక్కడైతే మధ్యలో లేచి వెళ్లిపోలేరు," అంది కెప్టెనమ్మ.

కుర్రాడు బిగించుకున్నాడు. రెండే సీట్ల విమానం. ఒకరు తుమ్మితే రెండోవాళ్లు ముఖం తుడుచుకోవాలి.

విమానం నడపడం నేర్పే ఆ బడికి ఆవిడే యజమాని, ఆవిడే టీచరు, కోపమొస్తే వాచ్‌మన్ కూడా. ఒక్కగానొక్క కూతురు టవర్లో కూర్చుని రేడియోలో విమానాలకి దారి చెబుతుంది. ఆ పిల్లని చేసుకుంటామని ఇదివరకు ఇద్దరు వచ్చారు. ఇద్దర్నీ ఈ సీట్లోనే కూర్చోబెట్టింది.

"పైన స్టాల్ చేద్దామా?" అని అడిగితే, మొదటివాడు టీకొట్టు అనుకుని "నాకు చక్కెర తక్కువండీ" అన్నాడు. దిగాక నేలని కావలించుకుని, చుట్టూ గడ్డి మొలిచేదాకా లేవలేదు. రెండోవాడు ఇప్పటికీ మేడ ఎక్కడు. పెళ్లాం పైనుంచి కేకేస్తే కింద నించే కాపురం చేస్తున్నాడు.

స్టాల్ అంటే ఇంజను ఆగిపోవడం కాదు. ఇంజను శుభ్రంగా తిరుగుతూనే ఉంటుంది. ముక్కు మరీ పైకెత్తితే రెక్కలు గాలి మీద పట్టు వదిలేస్తాయి, అంతే. ముందు హెచ్చరిక బూర కుయ్యోమంటుంది. విమానం వణుకుతుంది. ఆ తర్వాత మనిషి కింద, కడుపు పైన. బయటపడాలంటే ముక్కు ఇంకా కిందికి దించాలి. పడిపోతున్నవాణ్ణి పట్టుకుని, ఇంకాస్త పడవయ్యా అన్నట్టు.

ఈ కుర్రాడు వేరే రకం. ఎక్కేముందు విమానం చుట్టూ తిరిగాడు. వంగి టైర్లు చూశాడు.

"పిల్ల కోసం వచ్చావా, టైర్ల కోసం వచ్చావా?"

"రెండూ చూసుకోవాలి కదండీ."

పొద్దుటినుంచీ కెప్టెనమ్మకి గుండె దడగా ఉంది. ఒక్కగానొక్క కూతురు మరి.

"అమ్మా," అంది రేడియోలో కూతురు, "ఇవాళ ఒక్కరోజు వేషాలెయ్యకు. నీకు దండం పెడతా."

"నువ్వు గాలి సంగతి చూడవే."

పైకెళ్లాక కుర్రాడు గొంతు సవరించుకున్నాడు. "స్టాల్ చెయ్యండి."

ఇంతవరకు ఎవడూ తనంతట తాను అడగలేదు. ఆవిడ ముక్కు ఎత్తింది. బూర మొదలైంది.

"సిగరెట్లు కాలుస్తావా?"

"లేదండీ."

"అబద్ధమాడితే ముక్కు దించను."

"నిజంగా లేదండీ."

విమానం దబ్బున జారింది. ఆవిడ ముక్కు దించి, వేగం అందుకుని, మళ్లీ పైకి లేపింది.

"ఇంకోసారి," అన్నాడు కుర్రాడు. "ఈసారి మలుపు తిరుగుతూ."

కెప్టెనమ్మ విమానాన్ని పక్కకి వంచి మలుపు తిప్పింది. ఆ మలుపుకి సగం ఆకాశం పట్టింది.

"వంటొచ్చా?" అంది, మలుపులో విమానం వణుకుతుంటే.

"నీళ్లు కాస్తానండీ."

"మా అమ్మాయి గురక పెడుతుంది. వీధి చివర కుక్కలు లేస్తాయి."

"అమ్మా! మైకు ఆన్‌లో ఉంది!"

"పర్లేదండీ, నేనూ పెడతాను. వంతులేసుకుంటాం."

ఆ మాట పూర్తి కాకుండానే ఎడమ రెక్క పట్టు తప్పి కిందికి వాలిపోయింది. విమానం గిర్రున తిరిగింది. చెరువు, రోడ్డు, లారీ. చెరువు, రోడ్డు, అదే లారీ. వెనకటివాళ్లిద్దరూ సరిగ్గా ఇక్కడే కంట్రోల్ కర్ర పట్టుకుని వేలాడారు. ఒకడైతే ఆవిడ మోచెయ్యి కొరికాడు.

కుర్రాడు మాత్రం చేతులు ఒళ్లో పెట్టుకుని, సినిమా హాల్లో కూర్చున్నట్టు కూర్చున్నాడు. దేన్నీ ముట్టుకోలేదు.

కెప్టెనమ్మ పళ్లు బిగించింది. తిరగడం ఆపింది. ముక్కు దించింది. లారీ దాని దారిన అది పోయింది.

"భయమెయ్యలేదా?"

"మీరుండగా దేనికి అత్తయ్యా?"

ఆవిడ కళ్లు తుడుచుకుంది. "గాలి," అంది. అద్దాలన్నీ మూసే ఉన్నాయి.

"చాలండీ, బాగుంది. దిగుదాం," అన్నాడు కుర్రాడు.

ఆవిడ విమానాన్ని నిద్రపోతున్న పసిపాపని పడుకోబెట్టినట్టు దింపింది. కూతురు టవర్ మెట్లు రెండేసి దూకుతూ పరుగెత్తుకొచ్చింది.

"అమ్మా, పాసా? ఫెయిలా?"

కెప్టెనమ్మ కుర్రాడి వీపు మీద ఒక్కటి చరిచింది. "పాసేనే! ఫస్టు క్లాసు! పెళ్లి రేపంటే రేపే!"

"అతని సంగతి ఎవరడిగారమ్మా, నీ లైసెన్సు పొడిగించాడా లేదా, నిన్ను పరీక్ష చెయ్యడానికొచ్చిన ఈ ఇన్‌స్పెక్టరు?"