నూతి గోడ

ధాన్యం ధర పడిపోయి కొట్టు మూతబడింది. శ్రీరంగనాయకులు ఇల్లు అమ్మకానికి పెట్టాడు. గుండుగొలను వాళ్లు గురువారం చూడడానికి వస్తామన్నారు. గోడల మీద కొల్లేటి వరద వదిలిన చార కనబడకుండా సున్నం వేయిస్తే చాలనుకున్నాడు.

"సున్నం తరవాత వేయిద్దురుగానీ, ముందు నూతి చుట్టూ గోడ కట్టించండి, ఆ చార కంటే ఎత్తుగా," అంది భార్య రత్నాంబ.

"గోడ కడితే ధర పెరుగుతుందా? వరదొస్తే నుయ్యి ఎక్కడుందో తెలియడానికి పక్కన వెదురుగడ పాతుకుంటారు. ఇక్కడ అందరూ చేసేదే."

"వాళ్లకి నీళ్లలో ఆడే వయసు పిల్ల ఉందటండీ."

"గడ దగ్గరికి పోవద్దని చెప్పుకుంటారు."

రత్నాంబ సున్నం తొట్టి వంక చూస్తూ నిలబడింది.

"మనమూ చెప్పాం కదండీ. నూతిలోంచి మన పిల్లని తీసినప్పుడు ఆ గడ దాని చేతిలోనే ఉంది."