భర్త సంతకం

“మొగని సంతకం లేంది నీ కాయితం ముట్ట,” అన్నాడు గుమాస్తా.

రాజక్క మెట్‌పల్లి నుంచి కరీంనగర్ వచ్చి ఆ కచేరీ మెట్లెక్కడం అది నాలుగోసారి.

ఆమె భర్త సాంబయ్య మగ్గం మీద పొట్ట గడవక, రెండేళ్ల కింద కువైట్‌కు కట్టుబడి పనికి పోయాడు. కడుతున్న గోదాము కూలి అతని మీద పడింది. స్పృహ లేకుండా దవాఖానలో ఉన్నాడని టెలిగ్రాం వచ్చింది.

భార్య వచ్చి నెల రోజులుండి చూసిపోవచ్చని అక్కడి యజమాని పూచీ పడి అనుమతి కాగితం పంపాడు. రాజక్క మశూచి టీకా వేయించుకుంది. పోనూ రానూ ఓడ టికెట్టూ అందింది. ఇక కావలసింది పాస్‌పోర్టు ఒక్కటే.

పెళ్లయిన ఆడది దేశం దాటాలంటే భర్త ఒప్పుకుంటూ సంతకం చేయాలన్నది గుమాస్తా పట్టు.

“ఆయనకు సోయి లేదు సారూ. గీ టెలిగ్రాంల రాసుంది, సూడుండ్రి.”

“అయితే సోయి అచ్చినంక సంతకం పెట్టించుకొని రా.”

రాజక్కకు కళ్లనీళ్లు తిరిగాయి.

వెనక బల్ల మీద తన వంతు కోసం కూర్చున్న ఒక ముసలాయన ముందుకు వంగాడు.

“ఏమైంది బిడ్డా నీ మొగనికి?”

“కువైట్‌ల గోదాం కూలిందే. దాని కింద పడ్డడు.”

ముసలాయన ఒక్క క్షణం ఆమె ముఖంలోకి చూశాడు. తర్వాత దిగ్గున లేచి గుమాస్తా ముందుకు పోయాడు.

“సోయి ఉంటె గామె గంత దూరం ఎందుకు పోతది? నువ్వు మనిషివేనా?”

“నీకేం సంబంధం? నీ పని సూసుకో.”

“నా పని ఆగుతది. ముందుగాల గామె సంగతి చెప్పు.”

“ఖానూన్ ఉన్నది.”

“మొగడు సావుబతుకుల ఉంటె సూడనీకి, గా మొగన్నే అడిగి రమ్మంటదా నీ ఖానూన్? దాన్ని రాసినోనికి ఆలి లేదా, పిల్లలు లేరా?”

ముసలాయన గుమాస్తా బల్ల మీద అరచేత్తో గట్టిగా చరిచాడు. సిరాబుడ్డి దొర్లి కాగితాల మీద పారింది. గుమాస్తా కేకేస్తే గేటు దగ్గరి పోలీసు జవాను పరుగెత్తుకొచ్చాడు.

గుమాస్తా రాజక్క వైపు తిరిగాడు.

“గీన నీకేమైతడు? నువ్వే తోల్కచ్చినవా?”

రాజక్కకు భయమేసింది. నాలుగు పర్యాయాలు తిరిగిన పని, ఇంతటితో చెడిపోతుందేమో.

“నాకేం గాడు సారూ. ఎవలో ఏమో. నా పని ఖరాబ్ చేస్తాండు.”

జవాను రెక్క పట్టి గుంజుతుంటే, అంతసేపూ గద్దించిన ముసలాయన గొంతు ఒక్కసారిగా దిగిపోయింది.

“ఇయ్యాల ఒక్కనాడు ఇడిసిపెట్టు బిడ్డా. రేపు నేనే అచ్చి ఠాణాల కూసుంట.”

జవాను వినలేదు. రాజక్క తల ఎత్తలేదు.

ఆ గోలకు లోపలి నుంచి పెద్ద అధికారి వచ్చాడు. టెలిగ్రాం చదివాడు. గుమాస్తాను నలుగురి ముందే కడిగేసి, సంతకం అక్కర్లేదని తానే రాసిచ్చాడు.

ఇరవై రోజుల్లో పాస్‌పోర్టు చేతికొచ్చింది.

అంతా వేములవాడ రాజన్న దయ అనుకుంది రాజక్క. ఆయన గుడిలో కోడెను కట్టి మొక్కు తీర్చుకుంది. ముసలాయన ఏమయ్యాడో ఎవరినీ అడగలేదు.

బొంబాయిలో ఓడెక్కి కువైట్‌లో దిగింది.

దవాఖానలో సాంబయ్యకు అప్పుడప్పుడే సోయి వస్తోంది. “ఎట్లచ్చినవే?” అన్నాడు సన్నగా. ఆమె అతని చెయ్యి పట్టుకుని చాలాసేపు ఏడ్చింది.

ఆమె కళ్లు తుడుచుకునేదాకా ఆగి, పక్క మంచం మీది పిల్లగాడు పిలిచాడు. ఇరవై ఏళ్లుంటాయి. రెండు కాళ్లకూ కట్లున్నాయి.

“అక్కా, నేను కొమురెల్లిని. మాది కోరుట్ల. అన్న, నేను ఒక్క గోడ కిందనే పడ్డం.”

“అయ్యో తమ్మీ!”

“రేపు నా కాలు తీసేస్తరట. లోపలికి తీస్కపోయేటప్పుడు జర పక్కకుంటవా? భయమైతాంది.”

“ఉంట తమ్మీ. మరి మీవోళ్లు ఎవ్వలు రాలేదా?”

“మా బాపు రావాలె అక్కా, అనుమతి కాయితం సుత అచ్చింది, గని పాస్‌పోర్టు తీసుకుందామని కరీంనగర్ కచేరీకి పోయిన నాడే ఎవలికోసమో లొల్లి పెట్టుకొని ఠాణాల పడ్డడట, బయటికచ్చేసరికి ఓడ పోయిందట, కాయితం గడువు సుత దాటిందట, ఎవలికోసమో మాత్రం ఉత్తరంల రాయలే.”